పసుపు పెట్టిన తూటాలు

మా అత్తవారింట్లో నా చేతికి మొదట వచ్చిన పెత్తనం వంటిల్లు కాదు, తూటాల డబ్బా. వంటిల్లు మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఎవరికీ వదల్లేదు. తూటాలు మాత్రం మామగారే పిలిచి ఇచ్చారు. అప్పటికే ఆయన చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. తుపాకి మందు కొలిచే చిన్న గరిటె తూటా అంచుకి తగిలి టకటకమంటుంటే, అటుగా వెళ్తున్న నేను ఊరుకోలేక, "ఇలా ఇవ్వండి మామయ్యగారూ, మీరు పోస్తే సగం బల్లే తాగేస్తోంది" అన్నాను. నాకు నోరు ఆగదు. ఆయన నవ్వి కుర్చీ ఖాళీ చేశారు.

మా ఊరు ఏలూరుకి దిగువన, కొల్లేటి వైపు. ఒకప్పుడు వరి పండిన నేలంతా ఇప్పుడు చేపల చెరువులే. చేపల్ని పెంచడం ఒక ఎత్తు, నీటికాకుల నుంచి కాపాడుకోవడం ఒక ఎత్తు. తెల్లారేసరికి వందల్లో దిగి, మునిగి, నోటికి అందిన చేపనల్లా మింగుతాయి. టపాసులకి ఒక వారం భయపడతాయి, తర్వాత లెక్కచెయ్యవు. దిష్టిబొమ్మ నెత్తి మీద కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటాయి. తుపాకి మోతకి మాత్రం లేస్తాయి. పక్షిని చంపితే కేసు, అయినా చంపే ఉద్దేశం మాకూ లేదు. అందుకని మామగారు సీసపు గుళ్ళు లేకుండా, లోపల మందు, పైన బిళ్ళ, ఆ పైన కాస్త ధాన్యపు ఊక పెట్టి తూటాలు తయారుచేసేవారు. మోత ఉంటుంది, దెబ్బ ఉండదు. లైసెన్సు మీద తూటాలు కొనుక్కోవాలే గాని ఇంట్లో నింపుకోకూడదని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. తెలిశాక కూడా నింపాను.

తుపాకి మామగారి తండ్రి కొన్నది. రెండు గొట్టాలు, నడుమకి విరిచి తూటాలు పెట్టే పాత ఇంగ్లీషు తుపాకి. ఇప్పుడది పోలీసు స్టేషన్లో ఉంది, ఇక తిరిగి రాదు. దాని జబ్బులన్నీ నాకు కంఠతా వచ్చు. కుడి గొట్టం తరచూ మొరాయించేది. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకునేది. తూటా అడుగున నిప్పు పుట్టించే క్యాప్ మీద సూది దెబ్బ ఎలా పడిందో చూసి, తప్పు తుపాకిదో తూటాదో చెప్పేదాన్ని. లోతుగా పడి కూడా పేలలేదంటే తూటాది, పైపైన గీరినట్టు పడితే లోపలి స్ప్రింగుది. వానాకాలంలో అట్ట తూటాలు చెమ్మకి ఉబ్బి గొట్టంలో దూరేవి కావు, దూరినవి ఊడి వచ్చేవి కావు. వాటిని గుడ్డసంచిలో మూటగట్టి బియ్యం డ్రమ్ములో దాచే ఉపాయం నాదే. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని, బియ్యం చెమ్మని ఎలా పీలుస్తుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

మందు మీద పెట్టే బిళ్ళలు ఏలూరు తివాచీల పీలికల్లోంచి కొట్టేవాళ్ళం. నేసేవాళ్ళ దగ్గర మిగిలిపోయిన ఉన్ని ముక్కలు తెచ్చి, గుండ్రటి ఉక్కు గొట్టం పెట్టి సుత్తితో ఒక్కొక్కటే కొట్టాలి. ఒకదాని మీద ఎర్రపువ్వు సగం వస్తుంది, ఇంకోదాని మీద ఆకు తొడిమ వస్తుంది. మధ్యాహ్నాలు మామగారు కొట్టేవారు, నేను ఏరేదాన్ని. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ "మా కోడలు డాక్టరండీ, తుపాకుల డాక్టరు" అని చెప్పేవారు. నేను సిగ్గుపడ్డట్టు నటించేదాన్ని గాని, లోపల ఒళ్ళు పొంగిపోయేది.

సీసపు గుళ్ళున్న తూటాలు కూడా ఇంట్లో కొన్ని ఉండేవి. పెదవేగి దగ్గర మా ఆడపడుచు వాళ్ళ పామాయిల్ తోటలో అడవిపందులు పడుతున్నాయని ఎప్పుడో కొన్నవి. పైకి చూస్తే రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. మామగారు ప్రతి తూటానీ అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, బరువు చూసి, అప్పుడు గొట్టంలో పెట్టేవారు. ఊకది తేలిక, సీసానిది బరువు. నాకు ఆ తతంగం నచ్చలేదు. ఆయన కంట్లో శుక్లాలు, చేతుల్లో వణుకు, ఒక్కో తూటా ఎగరేసి పట్టుకోలేక గట్టు మీద పడేసుకునేవారు. "గుర్తు పెడితే పోయేదానికి ఈ తూకాలెందుకండీ?" అని, డబ్బాలు రెండు చేసి, ఊక తూటాల ఇత్తడి అడుగుకి పసుపు, సీసం తూటాల అడుగుకి కుంకుమ, కొబ్బరినూనెలో రంగరించి వేలితో పెట్టాను. తుపాకి మూసేముందు కంటికి కనపడేది ఆ అడుగే కదా. మామగారు మురిసిపోయారు. అప్పటినుంచి ఎగరెయ్యడం మానేశారు.

ఇలా నాలుగైదేళ్ళు గడిచాయి. ఆ ఏడు దసరా వెళ్ళిన మూడోనాడు, పొద్దున్నే, నేను పెరట్లో ఉండగా చెరువు వైపు నుంచి ఎప్పటిలాగే రెండు మోతలు వినిపించాయి. ఆ వెనకే ఒక కేక.

మా చెరువుల దగ్గర కాపలా ఉండే మనిషి ముప్ఫై ఏళ్ళుగా మాతోనే ఉన్నాడు. మామగారు తుపాకి పేల్చేటప్పుడు అతను అవతలి గట్టు మీద నిలబడి ఖాళీ డబ్బా వాయిస్తాడు, లేచిన పిట్టలు మా పక్క చెరువులోకే మళ్ళకుండా. రోజూ అదే చోటు. ఊక నాలుగు బారలు కూడా పోదు గనక ఎదురుగా మనిషి ఉన్నాడని ఎవరూ ఆలోచించేవాళ్ళు కాదు. ఆ రోజు నీటికాకులు నీళ్ళ మీద తేలుతున్నాయని మామగారు గొట్టాలు కిందకి వంచి పేల్చారట. నేను పరుగెత్తుకెళ్ళేసరికి అతను గట్టు మీద కూలబడి, రెండు చేతులతో పిక్క పట్టుకుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం. మామగారు ఇవతలి గట్టు మీద తుపాకి పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

నేను కొంగు చింపి కట్టుకట్టాను. కడుతూ ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "చూసుకోవద్దూ? ఎదురుగా ఎందుకు నిలబడ్డావయ్యా?" అన్నాను. భయం వేసినప్పుడు నాకు కోపమే వస్తుంది. అతను పళ్ళ బిగువున, "ఆయ్, నేనే సూసుకోలేదండి అమ్మగారూ" అన్నాడు.

అంతే, ఆ మాట మాకు దొరికింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు రెండు గుళ్ళు బయటికి లాగి, ఒకటి లోపలికి పోయిందని, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పాడు. మావారు ఒప్పుకోలేదు. "ఆసుపత్రికెళ్తే పోలీసు కేసు. డెబ్భై ఎనిమిదేళ్ళ నాన్నని స్టేషన్ చుట్టూ తిప్పమంటావా? తూటాలు ఎక్కడివంటే ఏం చెప్తావు?" అన్నారు. తూటాలు ఎక్కడివో చెప్పాల్సింది నేను గనక నేనూ సరేనన్నాను. అడిగినవాళ్ళకి మావారు "వాడే అడ్డం వెళ్ళాడండీ" అని చెప్పారు. నేనూ చెప్పాను. అతన్ని అడిగితే అతనూ అదే చెప్పాడు.

ఒప్పుకోనిది మామగారు ఒక్కరే. "నేను పసుపే చూశానమ్మా. పసుపు తూటాయే పెట్టాను" అని కనిపించిన ప్రతివాళ్ళతోనూ అనేవారు. ఆయన చూపు సంగతి తెలిసినవాళ్ళు తల ఊపి ఊరుకునేవారు. నేను ఆయన్ని కాపాడాలనుకున్నాను. తప్పు ఆయన కంటిది కాదు, తుపాకిది అని తేల్చాలి. పాత సీసం గొట్టం లోపల పేరుకుని ఉంటుందని, అదే ఊడి తగిలిందని నాకు నేనే ఒక సిద్ధాంతం కట్టుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. లైసెన్సులో మావారి పేరు కూడా ఉంది గనక, ఇద్దరం తుపాకి పట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్ళాం. ఆ రోజు కంగారులో, అడుగు కూడా చూడకుండా గొట్టాల్లోంచి నేనే ఊడదీసిన రెండు ఖాళీ తూటాలూ ఒక కవర్లో వేసి తీసుకెళ్ళాను.

అక్కడ మార్కెట్ యార్డు వెనక సందులో తుపాకులు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. తుపాకులు తగ్గిపోయాక పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు కూడా బాగుచేస్తున్నాడు. ఆయన గొట్టాలు విడదీసి, వెలుతురుకి పెట్టి ఒక కన్నుమూసి చూశాడు. గుడ్డ చుట్టిన కర్రతో లోపల రుద్ది, ఆ గుడ్డ నాకు చూపించాడు. "సీసం పేరుకోలేదమ్మా. పేరుకున్నా పొట్టులా రాలుతుందండీ, గుళ్ళుగా రాలదు" అన్నాడు. తర్వాత ఖాళీ తుపాకి మూసి, చెక్క సుత్తితో మడమ మీద అక్కడా ఇక్కడా తట్టాడు, అదురుకి లోపలి సుత్తి జారుతుందేమోనని. జారలేదు. కుడివైపు స్ప్రింగు నీరసించిందన్నాడు. "ఇది ఎందుకు పేల్లేదంటే కారణం చెప్పగలనండీ. ఎందుకు పేలిందంటే ఏం చెప్పను? తూటా పెట్టి నొక్కారు, పేలింది."

మావారికి ఫోనొచ్చి బయటికి వెళ్ళారు. ముసలాయన నా కవరు తీసుకుని ఖాళీ తూటాలు రెండూ భూతద్దం కింద పెట్టాడు. "ఇదిగోండి, ఈ రెండోదాన్లో సీసం రాసుకున్న మరకలున్నాయి. గుళ్ళున్న తూటా ఇదే" అన్నాడు. దాన్ని తిరగేసి అడుగు చూసి, మామూలుగా, ఏ ఉద్దేశమూ లేకుండా, "పూజలో పెట్టారాండీ?" అని అడిగాడు.

అడుగున వెడల్పుగా పసుపు. దాని నడుమ, సూది గుచ్చిన గుంట చుట్టూ, కుంకుమ.

దసరాకి ఆయుధపూజ చేశాం. మోటార్లు, పడవ, కత్తిపీట, మోటారుసైకిల్, అన్నిటితోపాటు పీట మీద తుపాకి, దాని ముందు తూటాలు. ఒక్కో డబ్బాలోంచి రెండేసి తీశాను. పూజకి పెట్టే వస్తువుని తుడవాలి, నా గుర్తులు పోయేలా శుభ్రంగా తుడిచాను. పసుపు రాసి నడుమ కుంకుమ పెట్టాలి, నాలుగింటికీ పెట్టాను. ఏ ఇంటి ఆడదైనా ఆలోచించకుండా చేసే పని, నేనూ ఆలోచించలేదు. మర్నాడు పీట కదిపి, పువ్వులు తీసి, నాలుగు తూటాల్నీ పసుపు డబ్బాలో పడేశాను. మామగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆయన పసుపే చూశారు.

"ఆఁ, పూజలో పెట్టామండీ" అన్నాను. ముసలాయన ఖాళీ తూటా నా చేతికిచ్చాడు. మావారు తిరిగొచ్చేలోపు దాని అడుగు కొంగుతో తుడిచేశాను.

ఇంటికి రాగానే పసుపు డబ్బా వెతికాను. పసుపూ కుంకుమా ఉన్నవి ఇంకా మూడున్నాయి. ఒక్కొక్కటే చేత్తో ఎగరేశాను. రెండు తేలిక. మూడోది అరచేతిలో దిమ్మలా పడింది. అది ఇన్నాళ్ళూ అక్కడే ఉంది, ఇంకో పొద్దున్న కోసం. దాన్ని తీసి బీరువాలో పట్టుచీరల అడుగున దాచాను. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఇప్పుడు నేర్పుగా చెప్పుకోవచ్చు గాని, నిజం ఒకటే. తుపాకుల డాక్టరు అనిపించుకున్న నోటితో ఆ మాట చెప్పడం నాకు చేతకాలేదు. తేలుకుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాను. ఈలోగా మామగారు "పసుపే చూశాను" అనడం మానేశారు. చెరువు వైపు వెళ్ళడం మానేశారు. ఒకరోజు మాత్ర అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికొచ్చి, "ఇది పొద్దుటిదేనా, రాత్రిదా చూడమ్మా. నా కళ్ళని నేను నమ్మలేను" అన్నారు. సరైన మాత్రే. "పొద్దుటిదేనండీ" అని లోపలికి వెళ్ళిపోయి స్నానాలగదిలో ఏడ్చాను. అప్పుడూ చెప్పలేదు.

రెండు నెలలు గడిచాక, చేపలు పడుతున్న రోజు, వలవాళ్ళకి టీ తీసుకుని గట్టు మీదకి వెళ్ళాను. కాపలా మనిషి ఒక కాలికే చెప్పు వేసుకుని నడుస్తున్నాడు. రెండో కాలికి చెప్పు దూరదు. పిక్క నుంచి పాదం దాకా వాచి, చర్మం నలుపెక్కి మెరుస్తోంది. "ఎన్నాళ్ళయింది ఇలా?" అంటే, "తగ్గుద్దండి, పసరు కడతన్నానండి" అన్నాడు. చెయ్యి పట్టి చూస్తే అతని ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. ఆసుపత్రికి ఎందుకు వెళ్ళలేదని అడగబోయి ఆగాను. వెళ్ళొద్దన్నది మేమే.

టీ కెటిల్ అక్కడే పెట్టి ఇంటికొచ్చాను. బీరువాలోంచి తూటా తీసి, వరండాలో కూర్చున్న మామగారి చేతిలో పెట్టాను. ఆయన దాని అడుగు చూడలేదు. కళ్ళు మూసుకుని, వణికే చేత్తోనే, కొద్దిగా ఎగరేసి పట్టుకున్నారు.

"సీసం" అన్నారు.

"పసుపు డబ్బాలోది మామయ్యగారూ. పూజ రోజు నేనే కలిపేశాను. నాలుగింటికీ రెండు బొట్లూ పెట్టేశాను. మీరు సరిగ్గానే చూశారు. నాకు తెలిసి చాలా రోజులైంది."

ఆయన తిడతారనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన తూటాని పక్కన బల్ల మీద పెట్టారు. "మా నాన్న నాకు నేర్పింది ఒకటేనమ్మా, కన్ను నమ్మకు, చెయ్యి నమ్ము అని. నువ్వు బొట్లు పెట్టాక హాయిగా ఉందని తూకం మానేశాను. ముసలితనం కాదు, బద్ధకం" అన్నారు. నాకు ఆ మాట తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఆయన చేతిలో అరవై ఏళ్ళుగా ఉన్న తెలివిని, సాయం చేస్తున్నాననుకుంటూ నేనే మాన్పించాను.

తర్వాత ఆయన, "వాడి కాలు తగ్గిపోయిందన్నారుగా?" అని అడిగారు.

తగ్గలేదని చెప్పాను. ఎలా ఉందో చెప్పాను. ఆయన లేచి చొక్కా వేసుకున్నారు. మావారు అడ్డం నిలబడి, "నాన్నా, కేసవుతుంది" అన్నారు. "అవనీ. కారు తియ్యి" అన్నారు మామగారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదలు.

ఏలూరు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే, పిక్క ఎముక పక్కన తెల్లటి చుక్క ఒకటి కనిపించింది. చీము లోపలికంటా పట్టిందని, వెంటనే కొయ్యాలని, ఇంకో వారం ఆగి ఉంటే కాలు దక్కేది కాదేమోనని చెప్పారు. ఆపరేషన్‌కి ముందు ఒక డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని మంచం దగ్గరికొచ్చింది. చిన్నపిల్ల. "ఇది తుపాకి గుండు. ఎలా తగిలిందో చెప్పాలి, రాసుకోవాలి" అంది.

అతను మావైపు చూడకుండా, పాఠం అప్పజెప్పినట్టు, "నేనే అడ్డం ఎల్లానండి. అయ్యగారి తప్పేం లేదండి" అన్నాడు. ఆ అమ్మాయి రాయడం మొదలుపెట్టింది.

"అది కొట్టేయండమ్మా" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. "ఇతను అడ్డం వెళ్ళలేదు. ఉత్త తూటాల డబ్బాలో సీసం తూటా నేను కలిపేశాను. ఆ ఉత్త తూటాలు కూడా ఇంట్లో నేనే నింపుతాను. ఇతను రోజూ నిలబడే చోటే నిలబడ్డాడు."

ఆ అమ్మాయి కలం ఆపి నన్ను చూసింది. మామగారు మంచం కమ్మి పట్టుకుని తలవంచుకున్నారు. మంచం మీద మనిషి మాత్రం మోచేతుల మీద లేచి కూర్చోబోయాడు. కోప్పడతాడేమో అనుకుని సిద్ధంగా ఉన్నాను.

"అయితే అమ్మగారూ, నేను సరైన సోటే నిలబడ్డానాండీ?"

"ఔను. సరైన చోటే ఉన్నావు."

అతను వెనక్కి వాలి, మోచెయ్యి కళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆ చెయ్యి తియ్యకుండానే మాట్లాడాడు.

"మా ఇంటిది రోజూ తిడతందండి, ముప్పై ఏళ్ళు ఒకే సోట నిలబడినోడివి, ఆ ఒక్క రోజూ అడ్డం ఎందుకెల్లావని. ఎందుకెల్లానో ఎంత తలుసుకున్నా నాకు గుర్తు రాలేదండి."